బ్యాటరీ బోల్టుకు వేలాడే ఐదు వైర్లను నేను సర్దిన తీరు

ఫాగ్ లైట్లు, జంట హారన్లు, డ్యాష్ కెమెరా, ఫోను ఛార్జరు, ఆంప్లిఫయరు... ఈ ఐదింటి వైర్లూ బ్యాటరీ పాజిటివ్ బోల్టుకే బిగించి ఉన్నాయని, వాటిని ఎలా చక్కబెట్టాలని అడిగారు. నా కారూ కొన్నేళ్లు అలాగే ఉండేది. ఒక రాత్రి కాలిన వాసన వచ్చి బండి ఆపాను. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్యనున్న ఇనుప గోడలో, రంధ్రం అంచుకు ఒరిసి ఒరిసి ఛార్జరు వైరు తొడుగు తెగిపోయింది. ఆ వైరుకు ఫ్యూజు లేదు. బ్యాటరీ బోల్టు ఊడదీసేదాకా పొగ ఆగలేదు.

అందుకే ముందు టేపు, వైర్లను కట్టే ప్లాస్టిక్ టైలు కొనకండి. వైర్లను కట్టగట్టి దాచేస్తే చూడటానికి బాగుంటుంది, ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది.

నేను చేసింది ఇది. బ్యాటరీ నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఒక్కటే తీశాను. దానికి 30 ఆంపియర్ల ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోపే పెట్టాను. ఫ్యూజు కాపాడేది ప్రధానంగా వైరును. కాబట్టి అది వైరు మొదట్లో ఉండాలి, చివర్లో ఉంటే మధ్యలో జరిగే షార్టును ఆపలేదు. ఆ వైరు బానెట్ కింద ఆరు గదుల ఫ్యూజు పెట్టెకు చేరుతుంది. అక్కడి నుంచే ఒక్కో పరికరానికి ఒక్కో వైరు. 55 వాట్ల ఫాగ్ లైట్లు రెండూ కలిపి 9 ఆంపియర్లకు పైగా లాగుతాయి, వాటికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు. హారన్లకూ అంతే. ఛార్జరుకు 5, కెమెరాకు 3 సరిపోయాయి. ఆంప్లిఫయరును ఈ పెట్టెలో కలపకండి. దానికి బ్యాటరీ నుంచి సొంత లావు వైరు, సొంత ఫ్యూజు ఉండాలి.

లైట్లకు, హారన్లకు రిలేలు తప్పనిసరి. రిలే అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చు. రిలేలో 30 నంబరు కాలుకు ఫ్యూజు పెట్టె నుంచి కరెంటు, 87 నుంచి లైటుకు. 85, 86 కాళ్లు రిలేను పనిచేయించే లోపలి తీగచుట్టవి, అంటే కాయిల్‌వి. కాయిల్‌కు 0.2 ఆంపియరు లోపే చాలు కాబట్టి డ్యాష్‌బోర్డులోకి సన్నని వైరు వెళ్తే సరిపోతుంది, స్విచ్చు వేడెక్కదు. కెమెరాను కూడా తాళం తిప్పితేనే పనిచేసేలా మరో రిలే మీద పెట్టాను. 0.3 ఆంపియరే కదా అనిపిస్తుంది. రోజంతా లాగితే 7.2 ఆంపియర్ అవర్లు. ఆగి ఉన్న బండిలో 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజుల్లో దాదాపు సగం ఖాళీ అవుతుంది.

ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ నెగటివ్‌కు చేరే దారి విషయంలో నేను చాలాకాలం పొరబడ్డాను. లైట్లు మసకగా వెలుగుతుంటే బల్బులు మార్చాను. చివరికి మల్టీమీటరు పెట్టి చూస్తే, లైటు ఎర్త్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్యే 1.4 వోల్టులు పోతున్నాయి. బోల్టు కింద పెయింటు ఉంది. దాన్ని గీకి, లగ్గు (వైరు కొసన ఉండే లోహపు రింగు) బిగించి, పైన గ్రీజు పూశాక వెలుగు తిరిగి వచ్చింది. ఇప్పుడు అన్ని ఎర్త్‌లూ ఒక పట్టీకి, పట్టీ నుంచి బాడీకి ఒకే లావు వైరు. మీ బండి నెగటివ్ టెర్మినల్ మీద బ్యాటరీ కరెంటును కొలిచే సెన్సారు ఉంటే ఎర్త్‌ను బాడీకే ఇవ్వండి. నేరుగా టెర్మినల్‌కు ఇస్తే ఆ కరెంటు సెన్సారు లెక్కలోకి రాదు.

ఇక సర్దుబాటు. ముందు బ్యాటరీ నెగటివ్ వైరును ఊడదీయండి. కంపెనీ వైర్ల కట్ట వెళ్లే దారినే పట్టుకోండి. ఇనుప గోడ దాటే చోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రింగు) లేకుండా ఒక్క వైరూ వెళ్లకూడదు, ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను. సైలెన్సరు గొట్టాలకు, పెడళ్లకు, స్టీరింగు కడ్డీకి దూరం. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగులవి, ముట్టుకోవద్దు. కెమెరా వైరును ముందు అద్దం పక్క స్తంభంలో ఎయిర్‌బ్యాగు ముందు నుంచి కాక వెనక నుంచి తీయండి. మామూలు ఇన్సులేషన్ టేపు జిగురు ఇంజను వేడికి కారిపోతుంది, గుడ్డ టేపు నిలుస్తుంది. అతుకులను సోల్డరు కంటే సరైన పనిముట్టుతో నొక్కిన లగ్గులతో వేయండి. సోల్డరు పాకినచోట వైరు బిరుసెక్కి, అదురుకు ఆ అంచునే తెగుతుంది.

ప్రతి వైరు రెండు కొసలకూ పేరు రాసిన చీటీ అంటించండి. ఫ్యూజు పెట్టె మూత లోపల ఏ గది దేనిదో రాసిపెట్టుకోండి. నా పెట్టెలో రెండు గదులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.