కళ్ళు మూసుకుంటే గుండె దడ.. మైండ్‌ఫుల్‌నెస్ నాకు పడదా డాక్టర్ గారూ?

ప్రశ్న: నా వయసు 53. మాది చిత్తూరు. మావారు రిటైర్ అయ్యాక మూడు నెలల కిందట తిరుపతిలో అపార్ట్‌మెంట్‌కి మారినాము, సరిగ్గా అప్పుడే అమ్మాయికి పెళ్ళై బెంగళూరు వెళ్ళిపోయింది. రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తా ఉంది, ఏ పని మీదా మనసు నిలవడం లేదు. ఎవరో చెప్తే ఫోన్లో మైండ్‌ఫుల్‌నెస్ యాప్ పెట్టుకుని కళ్ళు మూసుకుని శ్వాస చూసుకుంటా కూర్చున్నా, ఐదు నిమిషాలకే గుండె దడదడ. ఇది నాకు పడదా? - ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు ఆ యాప్ పక్కన పెట్టేయండి. కంగారు ఎక్కువున్న కొందరికి కళ్ళు మూసుకుని శ్వాసనే చూస్తా కూర్చుంటే దడ తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది, అది మీ తప్పు కాదు, మీకు చేతకాకా కాదు. మైండ్‌ఫుల్‌నెస్, అంటే చేస్తున్న పని మీదే ధ్యాస పెట్టడం, కళ్ళు తెరిచే చేయొచ్చు, నడుస్తా చేయొచ్చు, అంట్లు తోముతా కూడా చేయొచ్చు.

ఇల్లు, ఊరు, అమ్మాయి, ఆయన ఆఫీసు టైమింగ్స్ అన్నీ ఒకేసారి మారినాయి మీకు. పాత ఇంట్లో చీకట్లో కూడా చెయ్యి నేరుగా స్విచ్ మీదికి పోయేది, ఇక్కడ ప్రతిదీ వెతుక్కోవాలి, పాలు ఎక్కడ, కూరగాయలు ఎక్కడ, పక్కింటావిడని ఏమని పలకరించాలి అని. ఇన్నాళ్ళూ అలవాటు చేసిపెట్టిన పనంతా ఇప్పుడు మెదడు కొత్తగా చేస్తా ఉంది కాబట్టి సాయంత్రానికి అలసిపోవడంలో వింతేమీ లేదు.

మైండ్‌ఫుల్‌నెస్ అంటే మనసుని ఖాళీ చేసుకోవడం అని చాలామంది అనుకుంటారు, కాదు. 1979లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్‌లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన, ఎన్ని మందులు వాడినా తగ్గని నొప్పులున్న వాళ్ళ కోసం ఒక కోర్సుగా దీన్ని మొదలుపెట్టినాడు, అందులో ఒక అభ్యాసం ఏంటంటే ఒకే ఒక్క ఎండుద్రాక్షని చూసి, వాసన చూసి, మెల్లగా నమిలి తినడం, అంతే. మన సీమ వాళ్ళకి అంత దూరం పోవాల్సిన పని లేదు, సంగటి కెలికేటప్పుడు చూడండి, తెడ్డు మీద ధ్యాస కాస్త తప్పితే ఉండలు కట్టేస్తుంది, అందుకే ఆ ఐదు నిమిషాలు ఎవరు పిలిచినా పలకం! ఆ ధ్యాసే ఇది. మధ్యలో అమ్మాయి గుర్తొస్తుంది, రానీండి, "ఆ, గుర్తొచ్చింది" అనుకుని మళ్ళీ తెడ్డు మీదికి రండి. పది సార్లు పోతే పది సార్లు తిరిగి రావాలి, ఆ తిరిగి రావడమే ప్రాక్టీసు.

రోజుకి ఒక్క పని చాలు. పొద్దున ముగ్గు వేస్తారు కదా, ఆ టైంలో ఫోన్ లోపల పెట్టండి, వేళ్ళ మధ్య పిండి జారేది, నేల చల్లదనం, వీధిలో శబ్దాలు. అపార్ట్‌మెంట్‌లో ముగ్గుకి చోటెక్కడ అంటారా, కాఫీ చాలు, కాకపోతే రెండు గుక్కలకి మధ్య వాట్సాప్ చూడకండి. (మా ఇంట్లో ఈ రూలు నేనే తప్పుతుంటా.) దడ వచ్చినప్పుడు మాత్రం శ్వాస జోలికి పోవద్దు, రెండు పాదాలూ నేలకి ఆనించి, కనపడే ఐదు వస్తువుల పేర్లు మెల్లగా చెప్పుకోండి.

అలిపిరి దగ్గరే కాబట్టి ఇదీ చెప్తా. మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెడతా ఎక్కేవాళ్ళని చూసుంటారు, 3550 మెట్లలో ఇంకా ఎన్ని మిగిలినాయో లెక్కపెడితే వాళ్ళకి అడుగు పడదు. మోకాళ్ళు బాగుంటే వారానికోసారి కొన్ని మెట్లు ఎక్కి దిగి రండి, నొప్పులుంటే వద్దు, పార్కులో నడిచినా అదే ఫలితం.

అమ్మాయికి రోజుకి ఎన్నిసార్లు ఫోన్ చేస్తారో రాయలేదు గానీ, పని చేసుకుంటా ఐదు సార్లు మాట్లాడేకంటే కూర్చుని ఒక్కసారి మాట్లాడటం మంచిది. ఏడుపొస్తే ఏడవండి, బలవంతంగా పాజిటివ్‌గా ఉండాలని చూడొద్దు.

మూడింటికి మెలకువొస్తే గడియారం చూడకండి, ఇరవై నిమిషాలైందనిపించినా నిద్ర పట్టకపోతే లేచి డిమ్ లైట్‌లో కూర్చుని, నిద్రొచ్చినప్పుడు పడుకోండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేయండి.

అయితే అన్నీ మనసు మీదికే నెట్టేయకూడదు. మీ వయసులో నెలసరి ఆగే దశలో కూడా నిద్ర చెడుతుంది, ఒళ్ళంతా వేడెక్కి చెమటలు పడతాయి, దడ వస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా అంతే. అందుకే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగర్, బీపీ చూపించుకోండి, ఈసీజీ కూడా ఒకటి. మెట్లెక్కేటప్పుడు ఛాతీలో బరువుగా ఉన్నా, కళ్ళు తిరిగినా ఎక్కడం ఆపేసి వెంటనే హాస్పిటల్‌కి పోవాలి. రెండు వారాలు దాటి దాదాపు రోజూ దిగులుగా ఉండి, ఇష్టమైనవి కూడా రుచించకపోతే సైకియాట్రిస్ట్‌ని కలవండి, అందులో సిగ్గుపడేదేమీ లేదు. బతకాలని లేదనే ఆలోచన వస్తే మాత్రం రేపటికి వాయిదా వేయకండి, 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు అది, ఖర్చు లేదు, రాత్రైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

టెస్టులు ఈ వారమే చేయించుకుని, ఇప్పుడు వాడుతున్న మాత్రల పేర్లు కూడా ఒక కాగితం మీద రాసుకుని దగ్గర్లోని ఫిజీషియన్‌కి చూపించండి, చిత్తూరులో చూసిన డాక్టర్ పాత చీటీలు పారేయకుండా అవీ తీసుకెళ్ళండి.