చామనఛాయ ముఖానికి ఏ పెన్సిల్ వాడాలి?

అమ్మమ్మ ఫొటో చూసి బొమ్మ వేస్తుంటే చర్మం ఒకసారి గులాబీ రంగులోకి, ఇంకోసారి బురద పూసినట్టు వస్తోందని, ఏ షేడ్ కొంటే బాగుపడుతుందని అడిగారు. ఏదీ కొనకండి. 24 రంగు పెన్సిళ్ళ పెట్టె ఉంటే చాలు.

నల్లగొండలో నేను మొదట వేసిన ముఖం మా నానమ్మది. పెట్టెలోని లేత గులాబీ పెన్సిల్‌తో ముఖమంతా నింపి, నీడల్లో నలుపు దిద్దాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "ఎవరు బిడ్డా ఈ దొరసాని? జ్వరం తగిలినట్టుంది" అంది. అలాంటి లేత రంగునే క్రేయోలా కంపెనీ 1962 వరకు 'శరీరం రంగు' అనే అర్థం వచ్చే పేరుతో అమ్మింది, తర్వాత 'పీచ్' అని మార్చింది. ఎవరి శరీరమో మరి!

చర్మంలో నిజంగా ఏ రంగులున్నాయో తెలియాలంటే, తెల్ల అట్టముక్కకు పెసరగింజంత రంధ్రం చేసి ఫొటో మీద జరుపుతూ చూడండి. నానమ్మ ఫొటో దేవరకొండ వైపు మా చెలక గట్టున తీసింది. రంధ్రంలోంచి చూస్తే నుదుటి మెరుపు లేత నీలం, అది ఆకాశం. దవడ కింద నీడ ఉండాల్సిన చోట నారింజ ఛాయ. ఎర్రనేల మీద పడిన ఎండ కిందినుంచి ముఖానికి తగిలింది. ముక్కు పక్కన వంకాయ రంగు. నేను గోధుమరంగు అనుకున్న చోట అచ్చమైన గోధుమరంగు దాదాపు లేదు.

కాబట్టి ముందు మెరిసే చోట్లు వదిలి అంతటా పసుపుమట్టి రంగు, దానిపై ఇటుక రంగు వేస్తాను. నీడల్లో ముదురు నీలమో వంకాయ రంగో వేసి, దాన్ని మళ్ళీ ఇటుక రంగుతో కప్పుతాను. ముదురు గోధుమ చివరికే. నలుపు కనుపాప దాటి బయటికి రానివ్వను. చెయ్యి ఎంత తేలికగా ఉండాలంటే పెన్సిల్ తన బరువుతోనే కదలాలి. మొదట్లోనే నొక్కితే కాగితం గరుకు నిండిపోయి పై పొర జారిపోతుంది. బడిపిల్లల డ్రాయింగ్ పుస్తకం నాకు మూడో పొరకే చేతులెత్తేసింది. 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువుండే), కాస్త గరుకు కాగితం తీసుకోండి.

మధ్యమధ్య బొమ్మను ఫోనులో నలుపు తెలుపుగా మార్చి, అలాగే మార్చిన ఫొటో పక్కన పెట్టి చూడండి. సగం తప్పులు అక్కడే దొరుకుతాయి. నా మొదటి బొమ్మలో నీడలు తప్ప మిగతా ముఖమంతా ఒకే బూడిద రంగుగా కనిపించింది.

ముసలి ముఖాల్లో ముడతను గీతలా గీయకండి. అది చిన్న కాలువ, పక్కనే వెలుగు పడే గట్టు ఉంటుంది. తెల్లవెంట్రుకలకు సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ముందే గట్టిగా గాడులు గీసి, పైన పక్కవాటంగా రంగు వేస్తే గాడులు తెల్లగా మిగులుతాయి. నానమ్మ నుదుటి పచ్చబొట్టు నన్ను బాగా ఏడిపించింది. చర్మం పూర్తయ్యాక పైన వేస్తే స్టిక్కర్ అతికించినట్టు వచ్చింది. రెండో బొమ్మలో ముందే నీలం, ఆకుపచ్చ కలిపి చుక్క పెట్టి, దాని మీదుగా చర్మం పొరలు వేశాను. నానమ్మ ముందుగా వేలు పెట్టింది దాని మీదే.

కొన్ని వారాలకు బొమ్మ మీద తెల్లటి పొగమంచు లాంటి పొర కనిపిస్తే బూజు అని కంగారు పడకండి, నేను పడ్డాను. మైనం పెన్సిళ్ళలోని మైనం పైకి తేలుతుంది. మెత్తటి నూలుగుడ్డతో తేలికగా తుడిచి ఫిక్సేటివ్ (బొమ్మను కాపాడే స్ప్రే) కొట్టండి. పాలీక్రోమోస్ లాంటి నూనె రకం పెన్సిళ్ళకు ఈ బాధ తక్కువ. మే నెలలో అరచెయ్యి కింద కాగితం లేకుండా మాత్రం కూర్చోకండి, చెమటకు రెండు రోజుల పని పోతుంది.

ఎవరికైనా వేసి ఇచ్చినప్పుడు "కొంచెం తెల్లగా చేయరాదా" అని తప్పకుండా అడుగుతారు. నేను చేయను. నుదుటి మీద మెరుపు ఇంకాస్త వదిలి ఇస్తాను, చాలామంది అడిగింది దొరికిందనుకుని పట్టుకెళ్తారు.