చెక్క కొంప కొన్న మేనకోడలికి

బుజ్జీ,

నువ్వు పంపిన ఫోటోలు మూడుసార్లు చూశాను. బ్రిస్బేన్‌లోని పాడింగ్టన్ కొండవాలున కర్ర కాళ్ళ మీద నిలబడ్డ నాలుగు గదుల చెక్క ఇల్లు, పైన రేకులు, ముందు వరండా. "ఇంత డబ్బు పోసి ఈ అగ్గిపెట్టెనా కొన్నారు" అని మీ అత్తగారు అన్నారని మనసు కష్టపెట్టుకోకు. మనవాళ్ళకి పాత ఇల్లంటే మండువా లోగిలి, నగిషీ చెక్కిన ద్వారబంధం. కూలివాడి కొంపకీ చరిత్ర ఉంటుందంటే ఈ ఊరు వచ్చిన కొత్తలో నేనూ నవ్వినవాణ్ణే.

నవ్వి ఊరుకున్నా బాగుండేది. నా మొదటి ఇల్లూ ఇలాంటిదే కదా, అందులో గదుల మధ్య తలుపుల పైన పువ్వులు కోసిన చెక్క జాలీలు ఉండేవి, దుమ్ము పట్టి కళ తప్పాయని కాంట్రాక్టర్ మాట విని అన్నీ పీకించి ఆ ఖాళీలు మూయించేశాను, గోడల మీద తెల్లటి ప్లాస్టర్ షీట్లు కూడా కొట్టించాను. ఇక్కడ ఎండాకాలం కదా, ఆ జనవరిలో ఇల్లు కుంపటైపోయింది. ముందు గుమ్మంలోంచి వచ్చిన గాలి ఆ జాలీల్లోంచే వెనక్కి పోయేదని అప్పుడు గానీ తట్టలేదు. తట్టేసరికి అవి చెత్తబండి ఎక్కేశాయి. అందుకే నీకు చెప్పేది: ఏది అసలుది, ఏది తర్వాత అతికించింది అని తేలేదాకా ఒక్క మేకు కూడా పీకనివ్వకు.

ఎలా తేలుతుందంటావా? రాత్రి లైట్లు ఆపి, టార్చి గోడకి ఆనించి వెలుతురు పక్కవాటుగా పడేలా పట్టుకో. పాత అడ్డగోడ ఉన్నచోట రంగు పొరల అంచు సన్నటి గీతలా లేస్తుంది, పూడ్చిన మేకుల గుంటలు వరసగా బయటపడతాయి. వీధివైపు ఇరుకు గది మీద నాకు అనుమానం. అక్కడ నేల మీద ఒక గోళీ వదులు. వీధివైపు దొర్లిందంటే అది ఒకప్పుడు వరండా అయ్యుండొచ్చు, వాన నీళ్ళు బయటికి జారాలని ఆ చెక్కలు కొంచెం వాలుగా పరిచేవాళ్ళు. అన్ని గదుల్లోనూ దొర్లితే మాత్రం ఇల్లే కుంగిందని, స్టంపుల, అంటే ఇంటిని మోసే ఆ కాళ్ళ సంగతి చూడాలి, అది వేరే ఖర్చు.

తర్వాత ఇంటి చుట్టూ తిరుగు. ఈ ఊరి పాత ఇళ్ళలో కొన్ని గోడలకి నిలువు కర్రలు, ఇంటూ ఆకారంలో కొట్టిన ఊతకర్రలు బయటికే కనిపిస్తాయి, లోపల ఒకే ఒక్క వరస పలకలు, వాటినే వీజే బోర్డులంటారు. చూసినవాళ్ళు సగం కట్టి వదిలేశారనుకుంటారు. చలి పెద్దగా లేని ఊరు, ఒక్క పొర చాలు, కలపా కూలీ రెండూ మిగులుతాయి, అంతే లెక్క. బయట ఇంకో పొర కొట్టి నీటుగా చేస్తామని ఎవరైనా వస్తే టీ ఇచ్చి పంపించెయ్. ఇంటి కింద స్టంపుల మీద బోర్లించిన పళ్ళెంలాంటి రేకులున్నాయి చూడు, చెదలు వాటిని దాటాలంటే అంచు చుట్టూ మట్టి గొట్టం కట్టుకుంటూ రావాలి, మన కంట పడిపోతుంది. తుప్పు పడితే కొత్తవి వేయించు, తీసేయించకు.

ఏజెంట్ "వర్కర్స్ డ్వెల్లింగ్" అన్నాడని రాశావు. ఆ మాట వేరు. 1909 చట్టం కింద తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వం అప్పిచ్చి కట్టించిన ఇళ్ళవి. వాటిలో మొదటిది 1910లో ఈ ఊళ్ళోనే నండా పేటలో కట్టారు, అదీ మామూలు చెక్క ఇల్లే, ఇవాళ మన రాష్ట్రం కాపాడే పాత కట్టడాల జాబితాలో, అంటే క్వీన్స్‌లాండ్ హెరిటేజ్ రిజిస్టర్‌లో ఉంది. మీ అత్తగారికి ఈ ముక్క తప్పకుండా చెప్పు. నీది ఇంకా పాతదే కావచ్చు. 16 పెర్చిలకి, అంటే సుమారు 405 చదరపు మీటర్లకి తక్కువగా స్థలాలు ముక్కలు చేయకూడదని 1885లో చట్టం వచ్చింది. నీ స్థలం అంతకంటే బాగా చిన్నదైతే ఆ ముక్క అంతకుముందే కోసి ఉండొచ్చు. స్థలం వయసూ ఇంటి వయసూ ఒకటే కానక్కర్లేదనుకో. ఇంటికైతే సిటీ కౌన్సిల్ దగ్గర పాత మురుగు కాల్వల ప్లాన్లలో ఇళ్ళ ఆకారాలు గీసి ఉంటాయి, 1946లో విమానం నుంచి తీసిన ఫోటోలున్నాయి. స్టేట్ లైబ్రరీలో పాత పోస్టాఫీసు డైరెక్టరీలు చూడు, ఏ వీధిలో ఎవరున్నారో, చాలామందికి వాళ్ళ పనేమిటో కూడా ఉంటుంది. ట్రోవ్ సైట్‌లో వీధి పేరు కొట్టి పాత పేపర్లు వెతుకు. "గది అద్దెకు" ప్రకటన ఒక్కటి దొరికినా చాలు, ఆ నాలుగు గదుల్లో ఎంతమంది సర్దుకున్నారో అర్థమవుతుంది. డబ్బున్నవాళ్ళ బంగళాలు ఎలాగూ మిగులుతాయి బుజ్జీ, రైల్వేలో, రేవులో పనిచేసినవాడు సాయంత్రం ఎక్కడ కూర్చున్నాడో చెప్పేది నీ వరండాలాంటివే.

1946లోనూ అంతకుముందూ కట్టినవాటికి కౌన్సిల్ రూల్స్ ఉన్నాయి, 1911కి ముందువాటికి విడిగా ఇంకోటి, హెరిటేజ్ జాబితా మళ్ళీ వేరు. ముందు మీ అడ్రస్ ఏ దాంట్లో పడుతుందో చూసుకుని, ఆ తర్వాతే ఆర్కిటెక్ట్‌కి అడ్వాన్స్ ఇవ్వు. వంటిల్లు, బాత్రూము కొత్తగా కావాలి, కాదనను, వెనకవైపు హాయిగా కట్టుకో. ఆ ముందు నాలుగు గదులూ వరండా మాత్రం ముట్టుకోకు. ఇంకోటి, 1970కి ముందు ఇల్లంటే పాత రంగులో సీసం ఉందనే లెక్క. బాబు పాకే వయసు, మీ ఆయన్ని సరదాకి కూడా గీకనివ్వకు, శాండర్ అసలే వద్దు, తెలిసినవాళ్ళని పిలిపించండి.

శనివారం నేనూ అత్తయ్యా వస్తున్నాం. టార్చి నేను తెస్తాను, అత్తయ్య బొత్తాల డబ్బాలో గోళీ ఉంది. అప్పటిదాకా ఆ వీధి గది కార్పెట్ లేపకు, కలిసి లేపుదాం.

మీ మామయ్య