అడవివరం జైలుకు మొదటిసారి వెళ్లే ముందు

అమ్మాయికి ఆశీస్సులు.

లీగల్ ఎయిడ్ తరఫున పీఎల్‌వీగా, అంటే పేదలకి న్యాయ సాయంలో తోడుండే పారా లీగల్ వాలంటీరుగా, అడవివరంలోని విశాఖ సెంట్రల్ జైలుకి వెళ్తున్నావని తెలిసింది. బెయిలు కాయితాలు నేర్పేవాళ్లు నీకు బోలెడుమంది దొరుకుతారు. మతి చెదిరినవాళ్లతో, మత్తు దిగుతున్నవాళ్లతో ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు తక్కువ.

వెళ్లగానే కొత్తగా రిమాండుకి వచ్చినవాళ్లని చూడు. రోజూ తాగేవాడికి మందు ఆగిన కొద్ది గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా అసలు గండం. గోడ మీద పురుగులున్నాయని దులుపుతుంటాడు, బ్యారక్‌లో కూర్చుని ఇంట్లో ఉన్నాననుకుంటాడు. చూసేవాళ్లలో ఒకరు నాటకమంటారు, ఇంకొకరు గాలి సోకిందంటారు. చూస్తూ ఊరుకుంటే ప్రాణం పోతుంది. ఆఖరిసారి ఎప్పుడు తాగావు, రోజుకి ఎంత, ఇదివరకు మానేస్తే ఫిట్స్ వచ్చాయా - ఈ మూడూ అడుగు. చేతులు చాచమని వేళ్లు చూడు. అనుమానముంటే జైలు డాక్టరుకి అప్పటికప్పుడు చెప్పు, చెప్పి ఊరుకోకు. ఖైదీ నంబరు, తేదీ, గంట వేసి కాయితం ఇచ్చి, నకలు మీద సంతకం పెట్టించుకో.

మానసిక జబ్బుకి మందులు వాడేవాడిని పట్టుకెళ్తే గోళీలు ఇంట్లోనే ఉండిపోతాయి. వాళ్లమ్మ ములాఖత్‌కి ఆ డబ్బా పట్టుకొస్తే గేటులోనే ఆపేస్తారు. ఆపడం తప్పూ కాదు, డబ్బాలో ఏముందో వాళ్లకేం తెలుసు? అందుకని చీటీ తెమ్మను. వాల్తేరు మెంటల్ ఆసుపత్రి ఓపీ చీటీ గానీ, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డిస్చార్జి కార్డు గానీ రెండు జిరాక్సులు తీయించు; ఒకటి జైలు డాక్టరుకి, ఒకటి వకీలుకి. ఆఖరి మోతాదు ఏ రోజు వేసుకున్నాడో పైన రాయి. మనసు అదుపులో ఉంచడానికిచ్చే లిథియం అనే మందు వాడేవాడైతే ఇంకా జాగ్రత్త. మన విశాఖ ఉక్కపోతకి ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు రక్తంలో పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలు, నడకలో తూలుడు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి పంపమని పట్టుబట్టు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 103వ సెక్షన్ ఒకసారి చదువుకో. జైల్లో మానసిక రోగులెవరూ లేరని ధ్రువీకరిస్తూ మూడు నెలలకోసారి జైలు డాక్టరు మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకి రిపోర్టు పంపాలి. ఉన్నవాళ్లని చికిత్సకి పంపించాలన్నదే దాని ఉద్దేశం. కానీ "లేరు" అని రాయడం అన్నిటికన్నా సులువు కదా! నువ్వు సంతకం పెట్టించుకున్న నకళ్లు ఫైల్లో ఉంటే ఆ మాట రాసే ముందు ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

ఆసుపత్రికి పంపమని ఆర్డరొచ్చాక కూడా ఎస్కార్టు (వెంట వెళ్లే పోలీసులు) లేక వాయిదా పడుతుంటుంది. ముందు రోజు సాయంత్రమే ఎస్కార్టు సంగతి కనుక్కో.

కోర్టులో వకీళ్లు చేసే పొరపాటు ఒకటుంది. నేరం జరిగినప్పటి మతి వేరు, ఇప్పుడు కేసు నడుపుకోగల మతి వేరు. మొదటిది బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత, నేరాల చట్టం) 22వ సెక్షన్, రెండోది బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత, కేసు నడిపే పద్ధతి చట్టం) 367, 368. జబ్బు పేరొక్కటే రాసిన సర్టిఫికెట్ రెండోదానికి చాలదు. తన మీద ఏ కేసుందో అతనికి తెలుస్తోందా, వకీలుకి సంగతి చెప్పుకోగలడా అన్నది డాక్టరు రాయాలి. ఎవరిని విడుదల చెయ్యొచ్చో చూసే విచారణ ఖైదీల సమీక్ష కమిటీకి వెళ్లే జాబితాలో అతని పేరుందో లేదో కూడా చూసుకో.

గంజాయి కేసులు నీకు బాగానే తగులుతాయి. గంజాయికి కిలో దాకా చిన్న పరిమాణం కింద లెక్క. వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, ప్రభుత్వ గుర్తింపున్న చోట గానీ చికిత్స తీసుకుంటే మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఏ కింద ఆ చిన్న కేసులో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు, ఇది ముందే చెప్పు. పాతిక కిలోలు మోసుకొచ్చినవాడికి మాత్రం ఈ ఆశ పెట్టకు.

విడుదలయ్యే రోజు మందుల చీటీ చేతికిచ్చారో లేదో చూడు. రాత్రి బస్టాండులో దిక్కుతోచక నిలబడినా ఫోను చేసుకునేలా టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక సాయం ఫోను లైను) నంబరు 14416 దాని వెనకాల పెద్ద అంకెల్లో రాసివ్వు.