స్క్రూబాల్ నేర్చుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి లావణ్యకు మేనత్త ఆశీస్సులు.

నువ్వు సాఫ్ట్‌బాల్‌లో స్క్రూబాల్, అంటే వేసే చేతివైపుకే పక్కకు జరిగే బంతి, వేస్తూ పంపిన నాలుగు వీడియోలనూ వేగం తగ్గించి, ఒక్కొక్కటి పదిసార్లకు తక్కువ కాకుండా చూశాను. చేయి ఎంత మెలితిప్పినా బంతి పక్కకు జరగడం లేదనీ, రాత్రిళ్లు మోచేయి లోపలివైపు సలుపుతోందనీ రాశావు. ఈ రెండు కష్టాలకూ కారణం ఒక్కటే. నీకు స్క్రూబాల్ అంటే చేతి మెలిక అని ఎవరో చెప్పారు, నువ్వు నమ్మావు. నా ఇరవయ్యో ఏట నాకూ అలాగే చెప్పారు, నేనూ నమ్మాను. ఒక సీజన్ మొత్తం మోచేతి నొప్పితో బెంచీ మీద కూర్చున్నాను. నీకు ఆ గతి పట్టకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా నీ మూడో వీడియో మరోసారి చూడు. పసుపు బంతి మీది ఎర్ర కుట్టు, బంతి ముందువైపున చిన్న సున్నాలా ఒకేచోట నిలిచిపోయి కనిపిస్తుంది. అంటే ఆ బంతి వడ్రంగి చేతిలోని బరమాలాగా, తాను వెళ్లే దిక్కునే ఇరుసుగా చేసుకొని తిరుగుతోందన్న మాట. అలా తిరిగే బంతిని గాలి ఏ పక్కకూ నెట్టదు. తలుపుకుండే గుండ్రటి పిడిని కుడివైపుకు తిప్పినట్టు మణికట్టు తిప్పమని చాలామంది శిక్షకులు చెబుతారు. నేనూ చాలా ఏళ్లు పిల్లలకు అదే చెప్పాను. కానీ పిడి తిప్పిన చేతి నుంచి వచ్చేది సరిగ్గా ఈ బరమా తిరుగుడే. నీకు కావలసింది తిరగలి పైరాయి తిరుగుడు. ఇరుసు నిటారుగా నిలబడాలి, పైనుంచి చూస్తే బంతి గడియారం ముళ్లు తిరిగే దిక్కున తిరగాలి. అప్పుడే అది నీ కుడివైపుకు, అంటే కుడిచేతి బ్యాటర్ ఒంటి మీదికి జరుగుతుంది. ఇరుసు పూర్తిగా నిటారుగా నిలబడడం పెద్ద పిచ్చర్లలో (బంతి వేసేవాళ్లలో) కూడా అరుదు. కొంత వాలినా ఫర్వాలేదు గానీ, బ్యాటర్ వైపు చూస్తూ పడుకోకూడదు.

ఆ తిరుగుడు చేతికి అలవాటు కావడానికి బంతి కన్నా ముందు ఒక మూత పట్టుకో. ఊరగాయ డబ్బా మీది వెడల్పాటి ప్లాస్టిక్ మూత చాలు. గోడకు పది అడుగుల దూరంలో కుడి మోకాలు నేలకు ఆనించి కూర్చో. మూతను తుంటి పక్కన నేలకు సమాంతరంగా పట్టుకొని, నీ వేళ్లు మూతకూ తొడకూ మధ్య ఉండేలా, అరచేయి మూడో బేస్ వైపు, అంటే నీ కుడివైపుకు, చూసేలా చూసుకొని, లోపలి అంచును ముందుకు నెడుతూ కుడివైపుకు వదులు. మూత ఊగకుండా, పళ్లెంలా చదునుగా ఎగిరి గోడను తాకిందంటే వేళ్లు చేయవలసిన పని చేశాయన్న మాట. అది గాలిలో నిలువుగా లేచిందంటే మళ్లీ పిడి తిప్పావని అర్థం. వారం రోజులు రోజుకు ముప్పైసార్లు ఇలా చేసిన తరువాత బంతి పట్టుకో. బంతి నడుము చుట్టూ నల్ల స్కెచ్ పెన్నుతో ఒక గీత గీసి, ఆ గీత అడ్డంగా ఉండేలా పట్టుకొని ఇరవై అడుగుల నుంచి వెయ్యి. ఇరుసు నిటారుగా ఉంటే, ఎదుట బంతి పట్టే క్యాచర్‌కు ఆ గీత చెదరకుండా అడ్డగీతగానే కనిపిస్తుంది. చూపుడు వేలు, మధ్య వేలు కుట్టును ఆనుకొని ఉండాలి, బంతి అరచేతిలో కూరుకుపోకూడదు. పట్టు గురించి ఇంతకు మించి చెప్పను, ఎందుకంటే వేళ్ల పొడవును బట్టి అది ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా కుదురుతుంది.

చేతి కన్నా ముఖ్యమైనది అడుగు. నువ్వు కాలు ఆనించి బంతి వేసే పిచ్చర్ ప్లేట్ నడిమి నుంచి, బ్యాటర్ పక్కన నిలబడే హోమ్ ప్లేట్ నడిమికి ముగ్గుపిండితో ఒక గీత గీయించు. నీ ఎడమ కాలు ఇప్పుడు ఆ గీతకు కుడివైపున పడుతోంది, అందువల్ల నీ తుంటి నీ చేతికే అడ్డువస్తోంది. ఆ అడ్డు తప్పించుకోవడానికి చేయి వంకర తిరుగుతోంది, ఆ వంకర భారమంతా మోచేయి మోస్తోంది. స్క్రూబాల్ వేసేటప్పుడు కాలు గీతకు నాలుగైదు అంగుళాలు ఎడమవైపున పడాలి. అప్పుడు చేతికి దారి తెరుచుకుంటుంది, బంతి కూడా ఎడమ నుంచి కుడికి ఏటవాలుగా ప్లేటును దాటుతుంది. ఆ ఏటవాలు సగం పని చేసిపెడుతుంది. అయితే పిచ్చర్ ప్లేట్ పొడవు 24 అంగుళాలు, నీ అడుగు ఆ వెడల్పు దాటి పడితే అది నియమవిరుద్ధమైన పిచ్ అవుతుంది. కాబట్టి మరీ ఎడమకు పోవద్దు. బంతి చేయి వదిలే దాకా తుంటి సగం తెరిచే, అంటే సగం మూడో బేస్ వైపుకు తిరిగే, ఉండాలి. ముందే మూసుకుపోతే చేయి ఒంటికి అడ్డంగా ఎడమవైపుకు పోయి, బంతి ప్లేటు నడిమికి మెత్తగా వచ్చి పడుతుంది, ఆ బంతిని ఏ బ్యాటరూ వదలదు.

ఇక దీన్ని ఎప్పుడు వేయాలన్న ప్రశ్న. పిచ్చర్ ప్లేట్ 43 అడుగుల దూరంలో ఉన్నా, నువ్వు సుమారు ఆరు అడుగులు ముందుకు వచ్చి బంతి వదులుతావు కనుక మిగిలేది 37 అడుగులే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఆ దూరం దాటడానికి పట్టేది అర సెకను. ఆ వ్యవధిలో మొదటి సగం అయ్యేసరికి బంతి తన మొత్తం వంపులో నాలుగో వంతే జరిగి ఉంటుంది, మిగిలిన మూడు వంతులూ రెండో సగంలోనే జరుగుతాయి. బ్యాటర్ బ్యాట్ తిప్పాలా వద్దా అని నిర్ణయించుకునేది మొదటి సగంలో. అందుకే బంతిని ప్లేటు నడిమి మీదుగా మొదలుపెట్టు. ఆమె కొట్టదగిన బంతి అనుకొని చేతులు చాస్తుంది, బంతి పిడికిళ్ల దగ్గరికి వచ్చి బ్యాట్ సన్నని భాగానికి తగులుతుంది. నువ్వు వీడియోలో చేస్తున్నట్టు లోపలి అంచు మీదే మొదలుపెడితే, అది బాల్ (గురి తప్పినట్టు లెక్కపడే బంతి) అయినా అవుతుంది, బ్యాటర్‌కు తగిలి ఆమెకు ఊరికే మొదటి బేస్ ఇచ్చినట్టయినా అవుతుంది. బయటి అంచు మీద రెండు బంతులు వేసి ఆమె ప్లేటు మీదికి వంగాక వేసే స్క్రూబాల్‌కు ఉండే విలువ మరి దేనికీ ఉండదు. ఎడమచేతి బ్యాటర్‌కైతే ఇదే బంతి ఆమెకు దూరంగా పోతుంది. పరుగెత్తుతూ బంతిని తట్టే ఎడమచేతి అమ్మాయిలు దాన్ని మూడో బేస్ వైపుకే తడతారు కనుక, రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే నీ షార్ట్‌స్టాప్‌తోను, మూడో బేస్ అమ్మాయితోను ముందే మాట్లాడుకో.

ఒక్కమాట గట్టిగా చెబుతున్నాను. సలుపు పూర్తిగా తగ్గి, డాక్టర్‌కు చూపించుకునేదాకా స్క్రూబాల్ వేయవద్దు, మూతతో కూడా వద్దు. కింది నుంచి వేసే బంతి భుజానికీ మోచేతికీ హాని చేయదని మన దగ్గర ఒక నమ్మకం ఉంది, అది నిజం కాదు. తగ్గాక కూడా ఒక సాధనలో ఇరవైకి మించకుండా, ఒళ్లు బాగా వేడెక్కిన తరువాతే వెయ్యి. నీ డ్రాప్‌బాల్ (చివర్లో కిందికి జారే బంతి), చేంజప్ (వేగం తగ్గించి వేసే బంతి) ఇప్పటికే బాగున్నాయి, ఈ ఏడాది విశ్వవిద్యాలయ పోటీలకు అవి సరిపోతాయి. స్క్రూబాల్ వచ్చే ఏడాదికి వచ్చినా ఆలస్యమేమీ కాదు.

ఇక్కడ ఓక్లహోమా సిటీలో ఏటా జరిగే మహిళల కళాశాల వరల్డ్ సిరీస్‌లో నేను క్యాచర్ వెనుక సీట్లలో కూర్చుంటాను, ఎందుకంటే కుట్టు తిరిగే తీరు అక్కడి నుంచే కనిపిస్తుంది. లాస్ ఏంజిలిస్ పేరుతో జరిగే 2028 ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ పోటీలు కూడా ఈ ఊరిలోని డెవాన్ పార్క్‌లోనే జరగనున్నాయి. అప్పటికి నీ చదువు పూర్తవుతుంది కనుక నిన్ను తప్పక రప్పిస్తానని నాన్నతో చెప్పు. ఈలోగా నీ తరువాతి వీడియో పక్క నుంచి కాకుండా క్యాచర్ వెనుక వల అవతలి నుంచి, గీత గీసిన బంతితో తీయించి పంపు.

ఇట్లు,
మీ మేనత్త