హరికేన్ ఇంకా దీవుల దగ్గరే ఉంది, టాంపా నుంచి ఇప్పుడే వెళ్ళిపోవాలా?

మీరు అడిగింది: ఫ్లోరిడాలోని టాంపాలో వెస్ట్‌షోర్ దగ్గర గ్రౌండ్ ఫ్లోర్ అపార్ట్‌మెంట్, చిన్న పాప, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న (నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు), హరికేన్ ఇంకా కరీబియన్ దీవుల వైపే ఉంది కానీ మ్యాప్‌లో టాంపా కూడా కనిపిస్తోంది, ఇప్పుడే అట్లాంటా బయలుదేరాలా అని. నేను 2017 ఇర్మా హరికేన్ ముందు నుంచీ ఈ ఏరియాలోనే ఉంటున్నాను కాబట్టి చూసింది చెబుతాను.

అట్లాంటా అక్కర్లేదండి. ముందు కౌంటీ వెబ్‌సైట్‌లో మీ అడ్రస్ కొట్టి ఇవాక్యుయేషన్ జోన్ ఏదో చూడండి. A నుంచి E వరకు ఉంటాయి, అందరికంటే ముందు ఖాళీ చేయాల్సింది A. ఇన్సూరెన్స్ వాళ్ళు చెప్పే ఫ్లడ్ జోన్ వేరే, ఆ రెండూ కలిపేసుకుని "మాది ఫ్లడ్ జోన్ కాదులే" అని ఇంట్లో కూర్చునేవాళ్ళు చాలామంది. మీరుండే చోటు టాంపా బే (సముద్రపు ఖాతం) పక్కనే, బహుశా A కానీ B కానీ అవుతుంది. అయితే మీ జోన్‌కి ఆర్డర్ వచ్చిన రోజే కదలాలి, అంతే. వెళ్ళాల్సింది మాత్రం పదుల మైళ్ళు, వందల మైళ్ళు కాదు. ఇక్కడి అధికారులు ప్రతి సీజన్‌లో మొత్తుకునేది ఇదే.

ఎందుకంటే 2017లో ఇర్మాకి జరిగింది చూడండి. సెప్టెంబర్ 6న గంటకు దాదాపు 180 మైళ్ళ గాలితో బార్బుడా మీదుగా పోయింది, ఆ దీవిలో మిగిలిన జనాన్ని తర్వాత మొత్తం ఆంటిగ్వాకి తరలించాల్సి వచ్చింది. ఆ వీడియోలు చూసి ఇక్కడ అందరికీ వణుకు. మొదట్లో మయామీకే వస్తుందన్నారు, అక్కడి స్నేహితులు పిల్లాపాపలతో మా వైపు వచ్చేశారు, రెండు రోజులు తిరగకుండానే దారి పడమరకి జరిగింది, 10వ తేదీన కడ్జో కీ, తర్వాత మార్కో ఐలాండ్ మీద తీరం దాటింది, పాపం వాళ్ళు మళ్ళీ సామాన్లు సర్దుకున్నారు. ఇంకొందరు ఐ-75 హైవే ఎక్కి అట్లాంటా పోయారు. దారంతా బంపర్‌కి బంపర్, గ్యాస్ స్టేషన్లలో పెట్రోల్ లేదు, చివరికి చరిత్రలో మొదటిసారి అట్లాంటాకే ట్రాపికల్ స్టార్మ్ వార్నింగ్ ఇచ్చారు, అక్కడా కరెంట్ పోయింది!

మ్యాప్‌లో తుఫాను ముందు వెడల్పవుతూ కనిపించే ఆ కోన్ (శంకువు ఆకారం) గురించి ఒక మాట. అది తుఫాను సైజు కాదు, దాని కేంద్రం ఎటు పోవచ్చో చెప్పే అంచనా మాత్రమే. సుమారు మూడింట రెండు వంతుల సార్లు కేంద్రం ఆ లోపల ఉంటుంది, మిగతా సార్లు ఉండదు. మధ్య గీత చూసి నిర్ణయాలు తీసుకోకండి. 2022లో ఇయన్ హరికేన్ మా మీదికే వస్తోందని ఇక్కడ అందరం కిటికీలకి చెక్కలు కొట్టుకున్నాం, అది కోన్ అంచున ఉన్న ఫోర్ట్ మైయర్స్ వైపు వెళ్ళి ఫోర్ట్ మైయర్స్ బీచ్‌ని ఊడ్చేసింది, సానిబెల్ దీవికి వెళ్ళే రోడ్డు తెగిపోయింది.

కేటగిరీ నంబర్ చూసి కూడా ధైర్యపడొద్దు, భయపడొద్దు. ఆ నంబర్ గాలి వేగానిది. ఇక్కడ ప్రాణాలు తీసేది ఎక్కువగా ఉప్పెన, కృష్ణా జిల్లా వాళ్ళకి 1977 దివిసీమ పేరెత్తితే చాలు, నేను చెప్పక్కర్లేదు. మనకి ఉప్పెన వస్తుందా రాదా అనేది తుఫాను మనకి ఏ వైపు నుంచి పోతుందనే దాని మీద ఉంటుంది. గాలి గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరుగుతుంది కదా, కాబట్టి కేంద్రం మనకి దక్షిణంగా తీరం దాటితే గాలి బేలో నీళ్ళని బయటికి తోసేస్తుంది. ఇర్మా అప్పుడు, 2024 అక్టోబర్‌లో మిల్టన్ హరికేన్ సియెస్టా కీ దగ్గర దాటినప్పుడు అదే జరిగింది. ఇర్మాకైతే బేషోర్ రోడ్డు పక్కన బే అడుగు కనిపిస్తుంటే జనం దిగి నడిచారు (దయచేసి మీరు దిగకండి, నీళ్ళు వెనక్కి వస్తాయి). కేంద్రం పడమరగా గల్ఫ్‌లో ఉత్తరానికి పోతే మాత్రం నీళ్ళన్నీ మన మీదికే. మిల్టన్‌కి రెండు వారాల ముందు వచ్చిన హెలీన్ మాకు వంద మైళ్ళకి పైగా దూరం నుంచి పోయింది, ఇక్కడ వాన పెద్దగా లేదు, గాలీ మరీ భయంకరంగా లేదు, అయినా రాత్రి ఆరేడు అడుగుల ఉప్పెన వచ్చి ఇక్కడి నీటిమట్టం కొలిచే గేజ్‌ల రికార్డులు దాటేసింది. "దూరంగా పోతోందిగా" అని ఉండిపోయినవాళ్ళే దెబ్బతిన్నారు.

మా కొలీగ్ ఒకాయన గ్రౌండ్ ఫ్లోర్‌లోకి అప్పుడు నడుముల్లోతు నీళ్ళొచ్చాయి. ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ళు "రెంటర్స్ పాలసీలో వరద రాదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నిజమే, ఫ్లడ్ పాలసీ విడిగా తీసుకోవాలి, ప్రభుత్వ పథకంలోదైతే మామూలుగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. ఈ తుఫానుకి అది అందదు, కాబట్టి టీవీ, పరుపులు పై ఫ్లోర్ వాళ్ళని అడిగి ఎక్కించండి.

పాస్‌పోర్టులు, వీసా కాగితాలు జిప్‌లాక్ కవర్లో పెట్టుకోండి. అమ్మానాన్నల షుగర్, బీపీ మందులు రెండు వారాలకి సరిపడా దగ్గరుంచుకోండి. ఎలక్ట్రిక్ కారుంటే తప్పకుండా ఎత్తు ప్రదేశంలో పెట్టండి, ఉప్పునీళ్ళలో మునిగిన బ్యాటరీలు తర్వాత అంటుకోవచ్చు. ఎవరైనా జెనరేటర్ ఇస్తే గరాజ్‌లో నడపకండి, ఆ పొగతో తుఫాను అయ్యాక చనిపోయేవాళ్ళు ప్రతిసారీ ఉంటారు.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే రంగురంగుల మోడల్ బొమ్మలు, విజయవాడ నుంచి మామయ్యలు ఫార్వర్డ్ చేసే "ఫ్లోరిడా మాయం" వీడియోలు పక్కన పెట్టండి. నేషనల్ హరికేన్ సెంటర్ రోజూ ఉదయం 5, 11, సాయంత్రం 5, రాత్రి 11కి కొత్త బులెటిన్ ఇస్తుంది, అది చాలు. హరికేన్ వాచ్ అంటే గాలులు మొదలవడానికి దాదాపు 48 గంటలు ఉందని, వార్నింగ్ అంటే 36. పాపతో, పెద్దవాళ్ళతో మీరు ఆర్డర్ ఇంకా రాకపోయినా వాచ్ దగ్గరే బయటపడితే టెన్షన్ ఉండదు.

టాంపాకి ఉత్తరాన వెస్లీ చాపెల్ వైపు చాలా చోట్లు ఏ ఇవాక్యుయేషన్ జోన్‌లోకీ రావు, మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఎవరినైనా అడగండి, మొహమాటపడకండి. లేదంటే లేక్‌లాండ్‌లోనో ఆర్లాండోలోనో డబ్బు వాపసొచ్చే హోటల్ గది ఈ రాత్రే బుక్ చేయండి, రేపటికి దొరకవు. కరెంట్ పోతే లిఫ్టులు ఆగిపోతాయి, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులన్నారు కాబట్టి రెండో అంతస్తు దాటి తీసుకోకండి.