షుగరు మాత్ర ఒక్కటీ వేసుకుంటే చాలదా?

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు. షుగరు వచ్చి తొమ్మిదేళ్లు. మొన్న మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4, బీపీ 150/90 ఉన్నాయి. డాక్టరుగారు మెట్‌ఫార్మిన్‌తో పాటు బీపీకి, కొలెస్ట్రాల్‌కి మాత్రలు రాశారు. ఈయన షుగరు మాత్ర ఒక్కటే వేసుకుని మిగతావి డబ్బాలో పడేస్తున్నారు. కిడ్నీని కాపాడే కొత్త మందులొచ్చాయట, అవి అడగమని మా మరిది అంటున్నాడు. కళ్లు, కిడ్నీలు పాడవకుండా ఉండాలంటే ఏ మందు మంచిది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు డబ్బాలోంచి ఆ బీపీ మాత్ర తీయించండి. షుగరు గురించి అడిగితే బీపీ అంటాడేమిటి అనుకోకండి. బ్రిటన్‌లో 1977 నుంచి ఇరవయ్యేళ్లపాటు, కొత్తగా షుగరు బయటపడిన 5,102 మందిని గమనిస్తూ వచ్చారు. మందులతో షుగరు గట్టిగా అదుపు చేసినవాళ్లలో హెచ్‌బీఏ1సీ 7.0, మిగతావాళ్లలో 7.9. అంత చిన్న తేడాకే కంటి, కిడ్నీ జబ్బుల్లాంటివి పావువంతు తగ్గాయి. వాళ్లలోనే బీపీ ఉన్నవాళ్లను చూస్తే, సగటున 154/87 దగ్గర ఆగినవాళ్లకంటే 144/82కి దిగినవాళ్లలో పక్షవాతం 44 శాతం తక్కువ. కళ్లకూ మేలే జరిగింది. మీవారు పక్కన పడేస్తున్నది ఆ మాత్రనే!

అలాగని షుగరును మరీ కిందికి తొక్కేయకూడదు. అమెరికా, కెనడాల్లో హెచ్‌బీఏ1సీ 6 లోపు తేవాలని పట్టుబట్టి మందులు దట్టించిన పరిశోధనలో మరణాలు పెరిగాయి. 2008లో ఆ పద్ధతి మధ్యలోనే ఆపేశారు. చాలామందికి 7 దరిదాపుల్లో ఉంటే చాలు.

మీ మరిదిగారు చెప్పిందీ నిజమే. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ అనే ఆ కొత్త మందులు షుగరును మూత్రంలోంచి బయటికి పంపిస్తాయి. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతున్నా, గుండె బలహీనంగా ఉన్నా నేను ముందు వీటివైపే చూస్తాను. 2025 మార్చిలో పేటెంటు గడువు తీరాక ఎంపాగ్లిఫ్లోజిన్ ధర బాగా దిగింది కూడా. అయితే మర్మావయవాల దగ్గర దురద, ఫంగస్ రావచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, ఉపవాసం ఉన్నా ఆ రోజుల్లో ఆపాలి. ఈ మాట రోగికి ముందే చెప్పాలి. హడావుడిలో నేనూ ఒకటి రెండుసార్లు మరిచిపోయాను.

ఇంతకీ ఏది గొప్ప? డెన్మార్క్‌లో షుగరు ఉన్న 160 మందితో ఒక ప్రయత్నం చేశారు. సగం మందికి షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, తిండి, నడక అన్నీ ఒకేసారి పట్టించుకున్నారు. ఇరవయ్యొక్కేళ్ల తర్వాత లెక్క చూస్తే, వాళ్లు మిగతా సగంకంటే దాదాపు ఎనిమిదేళ్లు ఎక్కువ బతికారు. వాళ్లకు వేసినవన్నీ పాత మందులే.

కాళ్ల సంగతి మీరు అడగలేదు, నేనే చెబుతాను. నా దగ్గరికి వచ్చే ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరు షుగరు రిపోర్టులన్నీ ఫైలులో పెట్టుకొచ్చేవారు గానీ చెప్పులు మాత్రం విప్పేవారు కాదు. ఒకరోజు బలవంతాన విప్పిస్తే ఎడమ చెప్పు అడుగు నుంచి చిన్న మేకు పైకి తేలి ఉంది. అరికాల్లో రూపాయి బిళ్లంత పుండు. షుగరు వల్ల పాదాలు మొద్దుబారి ఆయనకు నొప్పే తెలియలేదు. మీవారి పాదాలు రోజూ పడుకునే ముందు మీరే తిప్పి చూడండి.

ఈ వారంలో కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. కొత్త మందు అవసరమా కాదా అన్నది ఆ రెండూ చూశాకే తేలుతుంది. తొమ్మిదేళ్లుగా కంటిలో చుక్కలు వేసి రెటీనా (కంటి లోపలి పొర) చూపించకపోతే అదీ వెంటనే చేయించండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, ఆయన్ని బండి నడపనివ్వకండి. మీ మరిదిగారిని వెంట పంపండి.